పరీక్షా మందిరమున సమానత్వము



ఏటేట మాఘ ఫాల్గుణ మాసములు వచ్చుసరికి మన పల్లెలలో రెండు పనులు ఒక్కసారిగా తొందరపెట్టును. ఒకటి అపరాల నూర్పిడి. రెండవది పిల్లల పరీక్షలు. మొదటిదానిలో గింజలు తూచబడును. రెండవదానిలో విద్య తూచబడును. ఈ రెండవ తూనికయందు కన్ను కానని పిల్లవానికిని, చేయి స్వాధీనములేని పిల్లకును, చెవి వినబడనివారికిని, అక్షరములను గుర్తించుటలో పుట్టుకతోనే చిక్కుగలవారికిని న్యాయము జరుగుటకు ఎట్టి ఏర్పాట్లు కలవు, అవి ఏల అవసరమయ్యెను, వానిని పొందుటకు గ్రామస్థులు చేయవలసినదేమి అను విషయమును నేడు మీకు విన్నవింప దలచితిని.

మొదట పరీక్ష యననేమో విచారింతము. అంగడిలో నేయి తూచు వర్తకుని చూడుడు. నేతిని తక్కెడ తట్టలో పోసి తూచుటకు వీలుకాదు. చెంబులో పోసియే తూచవలయును. కాని చెంబునకును బరువు కలదు. కావున న్యాయము తెలిసిన వర్తకుడు ఖాళీ చెంబును ఒక తట్టలో నుంచి, దానికి సరిపోవు బరువును రెండవ తట్టలో వేసి, ముందు ధడా కట్టును. పిమ్మటనే నేయి పోయును. ధడా కట్టుట కొనువానికి దయతలచి యిచ్చిన కొసరు కాదు. అమ్మువానికి కలిగించిన నష్టమును కాదు. తూనిక నేతిదే గాని చెంబుది కాకుండుటకు అదియే మార్గము.

పరీక్షయందును ఇట్లే. చరిత్ర ప్రశ్నపత్రము పిల్లవానికి చరిత్ర ఎంత తెలియునో కొలుచుటకు ఏర్పడినది. కాని ఆ జ్ఞానము కంటితో చదువుట, చేతితో వ్రాయుట, మూడు గంటలలో ముగించుట అను మూడు పాత్రలలో పోయబడి తూకమునకు వచ్చుచున్నది. కన్నును చేతిని భగవంతుడు చక్కగా నిచ్చినవారికి ఆ పాత్రల బరువు తెలియదు. అవి లేనివారికి పాత్రయే నేతికంటె బరువగును. అప్పుడు వచ్చిన మార్కులు చరిత్ర జ్ఞానమునకు గాక వైకల్యమునకు కొలతలగును. ఈ చెంబు బరువును తీసివేయుటకు చేయు ఏర్పాట్లనే చట్టమున సహేతుకమైన సదుపాయములని పిలుచుచున్నారు.

ఇందు ఒక హద్దు కూడ కలదు. కొలువదలచిన గుణమునే మార్చివేయు ఏర్పాటు సదుపాయము కాజాలదు. దస్తూరీని పరీక్షించు పోటీలో ఒకరి బదులు మఱియొకరు వ్రాయుట పొసగదు. కాని భూగోళమును పరీక్షించునపుడు చెప్పినవాని జ్ఞానమే ప్రధానము. వ్రాసిన చేయి ఎవరిదైనను భూగోళము మారదు. సదుపాయము కోరునప్పుడును, ఇచ్చునప్పుడును ఈ వివేకమును మనసునందుంచుకొన్నచో తగవులనేకము తీరిపోవును.

ఈ ఆలోచన నిన్న మొన్న పుట్టినది కాదు. అమెరికా దేశమున 1880 సంవత్సరమున జన్మించి, పందొమ్మిది నెలల ప్రాయముననే జబ్బుచేసి చూపును వినికిడిని కూడ పోగొట్టుకొనిన హెలెన్ కెల్లర్ పేరు మీలో పలువురు వినియుందురు. ఆమె రాడ్‌క్లిఫ్ కళాశాలలో ప్రవేశమునకై వ్రాసిన పరీక్షల కథ మన విషయమునకు మిక్కిలి ఉపకరించును. 1897 జూన్ జూలై నెలలలో ఆమె తొలి పరీక్షలు వ్రాసెను. ఆమె జవాబులను టైపు యంత్రముమీద కొట్టును గనుక, ఆ చప్పుడు తక్కినవారికి అడ్డు రాకుండునట్లు ఆమెకు ప్రత్యేకముగ ఒక గది నిచ్చిరి. వాకిట కావలి నుంచిరి. ఆమె చదువుచున్న పాఠశాల ప్రధానోపాధ్యాయుడు ప్రక్కన కూర్చుండి, ప్రశ్నలను ఒక్కొక్క వాక్యముగా ఆమె అరచేతిలో వేళ్ల సంజ్ఞలతో తెలిపెను. తాను సరిగా గ్రహించితినని తెలియుటకై ఆమె ఆ మాటలను పైకి పలికెడిది. వ్రాసిన పిమ్మట ఆయనయే దానిని మఱల ఆమె చేతికి వినిపించగా, ఆమె దిద్దుబాట్లు చెప్పెను. ఆ విధముగ ఆమె అన్ని విషయములలోను ఉత్తీర్ణురాలయ్యెను.

రెండేండ్లకు, 1899 జూన్ చివర, తుది పరీక్షలు వచ్చెను. ఈ పర్యాయము కళాశాలవారు ఆమె గురువగు ఆన్ సలివన్‌ను ప్రశ్నలు తెలుపనీయలేదు. పరిచయములేని ఒక ఉపాధ్యాయుడు ప్రశ్నలను బ్రెయిలు లిపిలోనికి ఎత్తి యిచ్చెను. భాషా పత్రములకు ఇది బాగుగనే యుండెను. బీజగణితమునందు మాత్రము పెద్ద చిక్కు వచ్చిపడెను. ఆ కాలమున బ్రెయిలులో పలు పద్ధతులుండెడివి. కెల్లర్ గణితమును ఇంగ్లీషు పద్ధతిలో నేర్చెను. ప్రశ్నపత్రమో అమెరికా పద్ధతిలో నుండెను. అక్షరములు తెలిసియున్నను కూడిక గుర్తులు, కుండలీకరణములు, వర్గమూలపు చిహ్నములు వేఱు. పరీక్షకు రెండు దినములు ముందుగా మాదిరి పత్రము చేతికి వచ్చినప్పుడే ఈ సంగతి బయటపడెను. వెంటనే ఉత్తరము వ్రాసి గుర్తుల పట్టికను తెప్పించుకొని, పరీక్ష ముందటి రాత్రి వరకును ఆమె వానితో కుస్తీ పట్టవలసి వచ్చెను. చిట్టచివరకు ఆమె నెగ్గి, 1900లో కళాశాలలో చేరి, 1904లో పట్టభద్రురాలయ్యెను.

ఈ కథనుండి మనము రెండు నీతులు గ్రహింపవచ్చును. ఒకటి, సరియైన ఏర్పాటు చేసినచో చూపును వినికిడియు లేని బాలిక కూడ తన తోడివారితో సమానముగ తూగగలదు. రెండవది మఱింత ముఖ్యమైనది. ఏర్పాటు పేరునకు ఉండినంత మాత్రమున చాలదు; అది ఆ విద్యార్థికి అలవాటైన రీతిలో, తగినంత ముందుగా జరుగవలయును. పరీక్ష ముందు రోజున చేతిలో పెట్టిన సౌకర్యము మఱియొక పరీక్షయే యగును.

ఇక ఏ వైకల్యమునకు ఏ ఏర్పాటు తగునో, ఎందువలన తగునో వివరించెదను.

పూర్తిగా చూపులేనివారి లిపి బ్రెయిలు. ఫ్రాన్సు దేశస్థుడగు లూయీ బ్రెయిలు, తానును అంధుడై, ఆరు చుక్కలతో దీనిని కల్పించెను. భారతదేశమున 1951లో అన్ని భాషలకు ఒకే పొందికగల భారతి బ్రెయిలు ఏర్పడగా, తెలుగునకును అందు చోటు కలిగినది. పలకవంటి చట్రములో దళసరి కాగితమును బిగించి, మొనగల పుల్లతో చుక్కలు పొడిచి వ్రాయుదురు. వ్రాయునప్పుడు కుడినుండి ఎడమకు పొడిచి, కాగితమును త్రిప్పి ఎడమనుండి కుడికి వ్రేలితో చదువవలయును. వ్రేలు ఒక్కొక్క అక్షరముగా నడచును. కన్ను ఒక్క చూపులో మాటలను పట్టును. కావున ఎంత నేర్పరికైనను వ్రేలితో చదువుట సాధారణముగ కంటితో చదువుటకంటె చాల నెమ్మదిగ సాగును. ఈ కారణముచేతనే వారికి అధిక కాలము అవసరమగుచున్నది. పటములు, బొమ్మలు చూచి చెప్పవలసిన ప్రశ్నలకు మాఱుగా వేఱు ప్రశ్నలిచ్చుటయు న్యాయమే.

కొంచెము చూపుగలవారికి బ్రెయిలు అక్కఱలేదు. పెద్ద అక్షరములతో అచ్చువేసిన ప్రశ్నపత్రము, వెలుతురు చక్కగా పడు చోటు, భూతద్దము, కొంత అధిక కాలము, ఇవి చాలును. వీరిని మనవారు తఱచుగా పొరపడి చూచుచుందురు. నడచునప్పుడు తడుముకొనడు గనుక వీనికి కన్ను బాగుగనే యున్నదందురు. నల్లబల్ల కనబడక పిల్లవాడు వెనుకబడిన సంగతి ఎవరికిని తట్టదు.

చేతులు చచ్చుబడినవారికిని, మెదడునకు సంబంధించిన పక్షవాతముచే అవయవములు బిగిసికొనిపోవు పిల్లలకును వ్రాతయే పెద్ద కష్టము. వీరికి లేఖకుడు కావలయును. ఇప్పటివారు ఇంగ్లీషు మాటతో స్క్రైబు అందురు. కాళ్లు లేనివారికి లేఖకునితో పనిలేదు. వారికి కావలసినది నేలమీది అంతస్తులో గది, చక్రాల కుర్చీ పోవుటకు ఏటవాలు దారి, వారు వాడుకొనగల మరుగుదొడ్డి. మేడమీది గదిలో సీటు వేసి, ఇద్దరు మనుష్యులు మోసికొనిపోవుటను సౌకర్యమని పిలువరాదు. పరీక్షకు ముందే ఆ పిల్ల మనసు నలిగిపోవును.

చెవి వినబడని పిల్లల స్థితి వేఱు. కన్ను, చేయి బాగుగనే యున్నవి గదా, వ్రాతపరీక్షలో వారికేమి లోటని అడుగవచ్చును. మనకు మాటలు చెవిద్వారా వచ్చినవి. వారికి భాష చేతిసైగలద్వారా వచ్చినది. వ్రాతలోని తెలుగే వారికి రెండవ భాషవంటిది. దానిపై హిందీ, ఇంగ్లీషు కూడ మోపినచో బరువు ముమ్మడి యగును. అందుచేతనే చట్టము రెండవ మూడవ భాషలనుండి మినహాయింపును పేర్కొన్నది.

చివరిది కంటికి కనబడని వైకల్యము. కొందఱు పిల్లలు మాటలో చుఱుకైనవారు, లెక్క నోటితో గట్టిగా చెప్పగలరు. కాని చదువబోయినచో అక్షరములు తడబడును. పకు షకు, ఘకు ఝకు భేదము నిలువదు; ఒత్తులు జారిపోవును. దీనిని డిస్‌లెక్సియా యందురు. వ్రాతలోనే చిక్కు వచ్చిన డిస్‌గ్రాఫియా యందురు. ఇది సోమరితనము కాదు, తెలివితక్కువయు కాదు. మెదడు అక్షరమును గ్రహించు తీరులోని భేదము. ఇట్టి పిల్లవాడు మన పల్లెలలో ఎన్ని బెత్తము దెబ్బలు తినెనో లెక్కలేదు. వానికి ప్రశ్న చదివి వినిపించువారును, అధిక కాలమును ఇచ్చినచో లోపలి విద్య వెలికి వచ్చును.

ఇప్పుడు చట్టము సంగతి. 1995 నాటి చట్టము ఏడు విధముల వైకల్యములను గుర్తించినది. ఐక్యరాజ్య సమితి 2006లో ఆమోదించిన ఒడంబడికను భారతదేశము 2007లో అంగీకరించిన తరువాత, దానికి అనుగుణముగ 2016లో దివ్యాంగుల హక్కుల చట్టము పుట్టి, 2017 ఏప్రిల్ నుండి అమలులోనికి వచ్చెను. ఇది 21 విధముల వైకల్యములను గుర్తించును. దాని 17వ విభాగమున పరీక్షాపద్ధతిలో తగిన మార్పులు చేయవలెననియు, అధిక కాలము, లేఖకుని సహాయము, రెండవ మూడవ భాషల మినహాయింపు వంటివి కల్పింపవలెననియు స్పష్టముగ వ్రాయబడినది. కావున ఇది అధికారుల కరుణపై ఆధారపడిన విషయము కాదు, హక్కు.

2018 ఆగస్టులో కేంద్ర ప్రభుత్వము వ్రాతపరీక్షల నిర్వహణకు ఒక నియమావళిని ప్రకటించెను. అందులో ఒక చిన్న మాట నాకు మిక్కిలి నచ్చినది. అదనపు కాలమను పేరు తీసివేసి, పరిహార కాలమని పిలువవలెనని అందు చెప్పిరి. అదనమన్న కొసరువలె వినబడును. పరిహారమన్న పోయినదానిని పూడ్చుట. ఆ కాలము గంటకు 20 నిమిషములకు తగ్గరాదనిరి. అనగా మూడు గంటల పరీక్షకు ఒక గంట, రెండున్నర గంటల పరీక్షకు 50 నిమిషములు. లేఖకుని ఉపయోగించుకొననివారికి కూడ ఈ కాలము చెందునని అందు కలదు. విద్యార్థి తానే లేఖకుని తెచ్చుకొన్నచో ఆ లేఖకుని చదువు విద్యార్థి చదువుకంటె ఒక మెట్టు తక్కువగ నుండవలెననియు, అధికారులే లేఖకుని నియమించినచో పరీక్షకు రెండు దినములు ముందుగా అతనిని కలిసికొని తగునో తగడో చూచుకొను అవకాశము విద్యార్థికి ఉండవలెననియు చెప్పిరి. హెలెన్ కెల్లర్ పడిన పాట్లు తలచుకొన్నచో ఈ రెండు దినముల విలువ తెలియును.

ఆ నియమావళి 40 పాళ్లు లేక అంతకు మించిన వైకల్యము గలవారిని ఉద్దేశించినది. నూటికి నలుబది లేనివారి గతి యేమి? ఈ ప్రశ్న సుప్రీముకోర్టు వఱకు పోయెను. వ్రాయబూనినప్పుడు చేయి కొంకరలుపోవు జబ్బుగల ఒక అభ్యర్థికి సివిలు సర్వీసు పరీక్షలో లేఖకుని నిరాకరించిరి. అతని వైకల్యమును వైద్యులు 6 పాళ్లుగా లెక్కగట్టిరి. 2021 ఫిబ్రవరి 11వ తేదీన న్యాయస్థానము తీర్పు చెప్పుచు, లేఖకుని ఇచ్చుటకు 40 పాళ్ల నిబంధన అవసరము కాదనియు, వ్రాయుటకు కష్టమున్నదా లేదా అనునదే విచారింపదగినదనియు తేల్చెను. శరీరమంతటిలో లెక్కించిన ఆఱు పాళ్లు వ్రాతబల్లవద్ద నూఱుపాళ్లు కావచ్చును గదా! ఆ తీర్పు ఫలితముగ 2022 ఆగస్టులో 40 పాళ్లకు తక్కువవారికి కూడ నియమములు వచ్చెను. 2025 ఫిబ్రవరిలో అదే న్యాయస్థానము, పాళ్ల భేదము చూడక దివ్యాంగులైన అభ్యర్థులందఱికిని ఈ సౌకర్యములు అందునట్లు ఆ నియమములను సవరింపవలెనని మఱియొక తీర్పు నిచ్చెను.

నియమము పుస్తకమున నున్నంతమాత్రమున పరీక్షా మందిరమునకు చేరదనుటకు ఒక దృష్టాంతము చెప్పెదను. 2021 సెప్టెంబరులో జరిగిన వైద్యవిద్యా ప్రవేశపరీక్షయగు నీట్‌లో డిస్‌గ్రాఫియా గల ఒక బాలికకు ఒక గంట పరిహార కాలము రావలసి యుండెను. కాని మూడు గంటలు కాగానే ఆమె జవాబు పత్రమును తీసివేసికొనిరి. ఆమె సుప్రీముకోర్టును ఆశ్రయింపగా, నవంబరులో న్యాయస్థానము ఆమెకు అన్యాయము జరిగినదని ఒప్పుకొనెను. తగిన దిద్దుబాటు ఆలోచింపుడని పరీక్ష జరిపినవారిని ఆదేశించెను. కాని మరల పరీక్ష పెట్టించుటకు మాత్రము అంగీకరింపలేదు. పోయిన గంటను ఏ న్యాయస్థానమును యథాతథముగ తిరిగి యీయజాలదు. కావున హక్కును పరీక్ష జరిగిన పిమ్మట గాక, ముందే నిలుపుకొనవలయును.

లేఖకుని గూర్చి మీతో విశేషముగ ముచ్చటింపవలసి యున్నది. ఏలయనగా పల్లెలలో పని చెడునది తఱచుగా ఇక్కడనే. పెద్దలు నన్నడుగు మొదటి ప్రశ్న ఇది: "అయ్యా, ఒకడు చెప్పగా మఱియొకడు వ్రాసినచో ఆ విద్య ఎవరిది?" దీనికి జవాబు మన పురాణములలోనే కలదు. వ్యాసమహర్షి చెప్పగా విఘ్నేశ్వరుడు భారతమును వ్రాసెనని మనము వినుచున్నాము. భారతమును విఘ్నేశ్వరుడు రచించెనని ఎవరైన అనిరా? అంతదూరమేల, మీ పొలము దస్తావేజును లేఖరి వ్రాసినాడు. పొలము లేఖరిదగునా?

అయితే ఒక భేదము గమనింపుడు. అర్థము చేసికొనక ఒక్క అక్షరమును వ్రాయరాదని వ్యాసుడు విఘ్నేశ్వరునికి నియమము పెట్టెనందురు. పరీక్షలోని లేఖకునికి నియమము తాఱుమాఱు. అర్థమైనను కాకున్నను చెప్పినది చెప్పినట్లు వ్రాయవలయును; ఒక మాట కలుపరాదు, ఒక మాట తీయరాదు, తప్పు తోచినను దిద్దరాదు. అడిగినప్పుడు ప్రశ్నను మఱల చదువవలయును. వ్రాసినదానిని చదివి వినిపింపవలయును. ముఖము చిట్లించియో దగ్గియో సైగ చేయరాదు.

నేను పరీక్షా కేంద్రములలో చాల యేండ్లు పర్యవేక్షణ చేసినవాడను. ఒక కేంద్రమున చూపులేని బాలుడొకడు గణిత పరీక్షకు కూర్చుండెను. లేఖకుడు ఆ ఉదయముననే కుదిరినవాడు. బాలుడు "ఎక్స్ ప్లస్ వై బై రెండు" అని చెప్పెను. ఎక్స్, వైలు రెండింటి మొత్తమును రెండుచే భాగింపవలెనా, వై ఒక్కదానినే భాగింపవలెనా? బాలుని ఉద్దేశ్యము మొదటిది. లేఖకుడు వ్రాసినది రెండవది. చదివి వినిపించినప్పుడు రెండును ఒక్కరీతిగనే వినబడును గనుక తప్పు తెలియలేదు. మూడవ మెట్టునకు పోవుసరికి లెక్క కుదరక, మొదటినుండి మఱల చెప్పుకొని రావలసి వచ్చెను. వాని లెక్క సరియే. వాని కాలము మాత్రము పోయెను. ఇద్దఱును ఒక్క వారము కలిసి అభ్యసించి, కుండలీకరణము తెఱచుటకు మూయుటకు మాటలు కుదుర్చుకొని యుండినచో ఈ నష్టము రాదు. లేఖకునికి చెప్పి వ్రాయించుటయు ఒక విద్య. దానిని నేర్పక పరీక్షకు పంపుట, ఈత నేర్పక ఏటిలో దింపుటవంటిది.

పెద్దల రెండవ ప్రశ్న: "ఇందు మోసము జరుగదా?" జరుగవచ్చును. లేఖకుడే జవాబులు వ్రాసిపెట్టినచో అది దొంగతనము. అందుకనియే ప్రత్యేకమైన గది, పర్యవేక్షకుడు, లేఖకుని చదువుపై కట్టుబాటు ఏర్పడినవి. కల్తీ నేయి అమ్మువాడున్నాడని తక్కెడలన్నిటిని విఱుగగొట్టుదుమా? మోసమును పట్టుకొనుటకు దారులు వెదకవలయును గాని, హక్కును త్రోసివేయరాదు. గ్రామములో ఎవరైన అట్టి మోసమును ప్రోత్సహించినచో దానివలన నిజమైన దివ్యాంగుల నోటికూడు పోవునని మీరే మందలింపవలయును.

మూడవ ప్రశ్నను పెద్దలు నిట్టూర్పుతో అడుగుదురు: "ఇంత చేసి చదివించినను వాడేమి చేయగలడు?" మచిలీపట్టణమునకు సమీపమున సీతారామపురమను పల్లెలో పుట్టుచూపులేని బాలుడొకడు వ్యవసాయ కుటుంబమున జన్మించెను. శ్రీకాంత్ బొల్లా యని అతని పేరు. పదవ తరగతి తరువాత విజ్ఞానశాస్త్రము చదువగోరగా, బొమ్మలు గీతలు ఎక్కువగా నుండు ఆ చదువు అంధులకు కుదరదని త్రోవ మూసిరి. అతడు న్యాయస్థానమునకు పోయి అనుమతి గెలుచుకొనెను. ఇంటరు పరీక్షలో నూటికి 98 మార్కులు పొందెను. పిమ్మట అమెరికాలోని మసాచుసెట్స్ సాంకేతిక విద్యాలయమున చదివి, స్వదేశమునకు వచ్చి, 2012లో బొల్లాంట్ అను పరిశ్రమను స్థాపించి, దివ్యాంగులకు పని కల్పించుచున్నాడు. అందఱును అంతటివారు కావలెనని నేననను. కన్నున్నవారిలో మాత్రము అందఱును అంతటివారగుచున్నారా? తలుపు తెఱచియుంచుట మన పని. ఎంతదూరము నడచుట వారి పని.

ఇక మీరు చేయదగిన పనులు చెప్పి ముగించెదను.

మొదటిది, పిల్లవాడు పదవ తరగతికి వచ్చువఱకు కాచుకొనవలదు. కన్నో చెవియో చేయియో లోపించినట్లును, చుఱుకైన పిల్లవాడు చదువులో మాత్రమే తడబడుచున్నట్లును తోచిన వెంటనే ప్రభుత్వ వైద్యశాలకు తీసికొని పోవుడు. సదరము పేరిట మన గ్రామములవారెఱిగిన వైద్యపరీక్షయు, దేశమంతట చెల్లు యూడీఐడీ గుర్తింపు కార్డును పొందుటకు నెలలు పట్టవచ్చును. డిసెంబరులో బయలుదేరినవాడు మార్చిలో చేరునను నమ్మకములేదు.

రెండవది, పాఠశాల సంవత్సరము మొదటనే తలిదండ్రులు ప్రధానోపాధ్యాయునికి వ్రాతపూర్వకముగ అర్జీ యీయవలయును. లేఖకుడు కావలెనా, పెద్ద అక్షరముల పత్రము కావలెనా, పరిహార కాలము కావలెనా, నేల అంతస్తు గది కావలెనా విడివిడిగ వ్రాయవలయును. అర్జీ నకలును, అందినట్లు సంతకమును దగ్గఱ నుంచుకొనవలయును. పదవ తరగతి పరీక్షలకు ప్రధానోపాధ్యాయుడే విద్యార్థుల వివరములను ప్రభుత్వ పరీక్షల శాఖకు పంపును గనుక, అప్పుడే ఈ కోరికలును చేరవలయును. నియమములు ఒక్కొక్క బోర్డునకు కొంచెము వేఱుగ నుండును. ఏటేట సవరణలును వచ్చుచుండును. నేను చెప్పిన 2018 నాటి వివరములనే పట్టుకొని కూర్చుండక, ఆ సంవత్సరపు ఉత్తరువును చూపుమని మర్యాదగ అడుగుడు.

మూడవది, పాఠశాలలో జరుగు చిన్న పరీక్షలన్నియు అదే పద్ధతిలో జరుగునట్లు చూడుడు. లేఖకునితో వ్రాయువాడు మూడు నెలల పరీక్షను, అర్ధసంవత్సర పరీక్షను కూడ లేఖకునితోనే వ్రాయవలయును.

నాల్గవది, లేఖకులను సమకూర్చుట. ఇది ముఖ్యముగ మీ వంతు. ఊరిలో తొమ్మిదవ తరగతి చదువుచున్న పిల్లలలో దస్తూరి మంచిదై, ఓపికగలవారిని గుర్తింపుడు. వారి తలిదండ్రులు తమ పిల్లల చదువు చెడునని జంకుదురు. పెద్దలు ఒక మాట చెప్పినచో ఆ జంకు తీరును. నిర్ణయించిన లేఖకునికి జ్వరము వచ్చినచో పనికివచ్చునట్లు ఇంకొకరిని కూడ సిద్ధముగ నుంచుడు. వారి పేర్లు అధికారులకు ముందుగా తెలిపి, వారి నియమములకు లోబడియే ఈ ఏర్పాటు జరుగవలయును.

ఐదవది, పరీక్షా కేంద్రమును ముందుగా ఒకసారి చూచి రండు. మెట్లెన్ని, గది ఎక్కడ, మరుగుదొడ్డి ఎట్లున్నది, బస్సు దిగినచోటినుండి ఎంత దూరము అని విచారింపుడు. పరీక్షనాడు అనుమతి పత్రము నకలును పిల్లవాని చేతి కిచ్చి పంపుడు. పర్యవేక్షకునికి నియమము తెలియనిచో, అచ్చుపడిన కాగితము చెప్పినంత గట్టిగా ఏ నోరును చెప్పజాలదు.

ఈ పనులలో దేనికిని పెద్ద ధనము అక్కఱలేదు. ముందుచూపు కావలయును, ఊరిలో మాట చెల్లుబడి యగు పెద్దమనిషి పూనిక కావలయును. రేపు ఉదయము మీ రచ్చబండ కడ కూర్చుండినప్పుడు, మన ఊరిలో ఇట్టి పిల్లలెందఱు, వారిలో బడికి పోవువారెందఱు, ఏ తరగతిలో నున్నారు అని ఒక్కమారు లెక్కవేయుడు. పేర్లు వ్రాసికొని బడిపంతులుగారి దగ్గఱకు పొండు. ఆ పట్టికతోనే పని ఆరంభమగును.